డార్క్‌రూంలో పెళ్లిళ్లు

అఫ్జల్‌గంజ్,
24 సెప్టెంబర్ 2025

పెద్దనాన్నగారికి శ్రీహిత నమస్కారాలు.

ఇక్కడ మేమందరం తింటూ క్షేమంగా ఉన్నాం. మీరు తినకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఆ ప్రకృతి వైద్యం ఆసుపత్రి వాళ్లు గేటు దగ్గరే మీ ఫోను తీసేసుకున్నారనీ, నలభై రోజులూ చూడటానికి ఎవరూ రావద్దన్నారనీ అచ్యుత్ అన్న చెప్పాడు. మిమ్మల్ని దింపి వచ్చి ఒక పూటంతా నవ్వుతూనే ఉన్నాడు. ఉత్తరాలు మాత్రం రాసుకోవచ్చన్నారట. అందుకని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి స్టాంపు కొన్నాను.

స్టూడియో నడుస్తోంది. మీరు చెప్పినట్టే రోజూ రాగానే డార్క్‌రూం తలుపు తీసి, పెళ్లి ఫోటోలన్నీ ఉండే సర్వర్‌కు పచ్చ లైటు వెలుగుతోందని చూసి, తలుపు వేస్తున్నాను. మీరు నాకు దాని బాధ్యత ఇచ్చారు గానీ పాస్‌వర్డు ఇవ్వలేదు కాబట్టి అంతకుమించి చేయడానికి నాకూ ఏమీ లేదు.

ఒక చిక్కు వచ్చింది. సుజన అక్క కంప్యూటర్‌లో ‘పెళ్లిళ్లు’ ఫోల్డర్ తెరుచుకుంటుంది, ఫోటోలు కనబడతాయి, కానీ అందులో ఏదీ సేవ్ చేసి దాచనివ్వదు. ఆల్బం పేజీలు చేసేదే ఆమె. చేసినవన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి నాకిస్తే నేను నా కంప్యూటర్ నుంచి సర్వర్‌లో పెడుతున్నాను. “గిన్నేండ్ల సంది ఈడ పని చేస్తున్న. మీ పెద్దనాయిన నన్ను చూసుడుకే పెట్టిండా?” అని ఆమె అలిగింది.

నీళ్ల నల్లాల ఆఫీసు మల్లన్నగారి అమ్మాయి రాజమణి పెళ్లి ఆల్బం దీపావళికల్లా ఇవ్వాలి. కొత్త అల్లుడు మొదటి దీపావళికి వియ్యాలవారిని వెంటబెట్టుకుని కిషన్‌బాగ్ వస్తున్నాడట. ఆల్బం లేకపోతే వాళ్ల ముందు తల ఎత్తుకోలేనని మల్లన్నగారు రోజు విడిచి రోజు వచ్చి మన కుర్చీలో కూర్చుంటున్నారు. మీరు లేనన్నాళ్లూ పెత్తనం తనదే కాబట్టి అచ్యుత్ అన్న నాకో షరతు పెట్టాడు. “దీపావళికి ఆల్బం పోయిందనుకో, నీ సర్వర్ డబ్బా ఉంటది. పోకుంటే డబ్బా పాతసామాన్ల కబాడీకి, నువ్వు కౌంటర్‌కి.” కౌంటర్ అంటే మీకు తెలుసు కదా, పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినవాళ్లకు దువ్వెన, పౌడరు అందించడం. నేను కంప్యూటర్లు చదివింది దువ్వెన అందించడానికి కాదు పెద్దనాన్నా.

పెద్దమ్మ బతుకమ్మ పూల హడావిడిలో ఉంది. మీకు కనీసం మజ్జిగైనా పోస్తున్నారా అని అడగమంది.

మీ శ్రీహిత

* * *

నల్లమల అంచున,
29 సెప్టెంబర్ 2025

చిరంజీవి శ్రీహితకు ఆకలి మీదున్న పెద్దనాన్న ఆశీస్సులు.

మజ్జిగ పోయడం లేదు. బూడిదగుమ్మడికాయ రసం పోస్తున్నారు. నిన్న మధ్యాహ్నం నా పక్క మంచం ఆయన నిద్రలో “ఇంకొంచెం సేర్వా” అని కలవరించాడు. వార్డంతా లేచి కూర్చున్నాం, ఎవరికీ మళ్లీ నిద్ర పట్టలేదు.

సుజన సంగతి. అది చిక్కు కాదు, నేను కావాలని పెట్టింది. సర్వర్ మాట్లాడేది యూనిక్స్, మీ బల్లల మీదవి మాట్లాడేది విండోస్. మధ్యలో సాంబా అనే ప్రోగ్రాం దుబాసీ పని చేసి వాళ్ల ఫైళ్లు వీళ్లకు అందిస్తుంది. దుబాసీ ఎంత మంచివాడైనా ఇంటి యజమాని చెప్పిన హద్దు దాటడు. ఎవరు చూడవచ్చు, ఎవరు రాయవచ్చు, ఎవరు తీసేయవచ్చు అన్నది యూనిక్స్‌లో దేనికది విడివిడిగా ఉంటుంది. సుజనకు ఒకప్పుడు అన్నీ ఇచ్చాను. సీతారాం కూతురి పెళ్లిని మౌసుతో పట్టుకుని లాగి ఇశ్రాయేలుగారి అబ్బాయి పెళ్లిలో పడేసింది. చర్చి పెళ్లి ఆల్బంలో జీలకర్ర బెల్లం పేజీ అచ్చయి వచ్చింది. ఇశ్రాయేలుగారు పెద్దమనిషి కాబట్టి నవ్వి ఊరుకున్నాడు. అప్పటినుంచి ఆమె చూడవచ్చు, రాయకూడదు. ఆమెకు చెప్పకు, బాధపడుతుంది.

అసలు సంగతి ఇది. దసరా వస్తోంది. సర్వర్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపవద్దు. పెట్టిన నాటినుంచి అది ఒక్క గంట కూడా పడుకోలేదు. కరెంటు పోయినా యూపీఎస్ మీద నడిచింది. మీ పెద్దమ్మకు ఆయుధపూజ అంటే మిక్సీ దగ్గరనుంచి కత్తిపీట దాకా అన్నిటికీ సెలవు. ఆమెను డార్క్‌రూం వైపు రానివ్వకు. ఈ ఉత్తరం పండగకు ముందే అందుతుందని నా ధైర్యం.

మేనేజర్ ఈశ్వరయ్య మా ఉత్తరాలన్నీ చదివి పంపుతాడు, ఎవరైనా మిర్చీ బజ్జీలు తెప్పించుకుంటున్నారేమోనని. కాబట్టి పాస్‌వర్డు గురించి నన్ను అడగవద్దు.

విఠల్‌రావు

* * *

అఫ్జల్‌గంజ్,
4 అక్టోబర్ 2025

పెద్దనాన్నగారికి,

మీ ఉత్తరం ఈ రోజు వచ్చింది. దసరా, గాంధీ జయంతి ఒకే రోజు పడి పోస్టాఫీసు మూసుకుంది.

దసరా నాడు కరెంటు పోయింది. సర్వర్ ఆగింది. మళ్లీ వేశాం, పచ్చ లైటు వచ్చింది. కరెంటు గురించి నన్ను ఇంతకంటే అడగకండి, చెప్పవలసింది ఇది కాదు. ‘పెళ్లిళ్లు’ ఫోల్డర్ పేరు అందరి కంప్యూటర్లలోనూ కనబడుతోంది. తెరిస్తే లోపల ఏమీ లేదు. ఒక్క ఫోటో లేదు. ఈ బస్తీలో మనం తీసిన పెళ్లిళ్లన్నీ పోయాయి పెద్దనాన్నా.

మీ ఆసుపత్రికి ఫోను చేశాను. ఎవరి ప్రాణం మీదికైనా వచ్చిందా అని ఈశ్వరయ్యగారు అడిగారు. పెళ్లిళ్లన్నీ పోయాయన్నాను. పెళ్లిళ్లకు పేషెంటును పిలవమమ్మా అని పెట్టేశారు.

రాజమణి ఫోటోలు సగం సుజన అక్క తన కంప్యూటర్‌లోకి ముందే దింపుకుంది. మిగతా సగం, తాళి కట్టేది, తలంబ్రాలు, అప్పగింతలు, సర్వర్‌లోనే ఉన్నాయి. కెమెరా కార్డులు ఎప్పుడో తుడిచేశాం. తాళి లేని పెళ్లి ఆల్బం ఎవరికి చూపిస్తారు?

అచ్యుత్ అన్న గల్లీ చివరి కంప్యూటర్ రిపేరు అతన్ని తీసుకొచ్చాడు. అతను సర్వర్ చుట్టూ ఒకసారి తిరిగి, “ఇండ్ల విండోసే లేదు. ఫార్మాట్ కొడ్తే కొత్తదాని లెక్క అయితది” అన్నాడు. నేను డార్క్‌రూం తలుపుకు అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చున్నాను, అతను వెళ్లేదాకా లేవలేదు.

వింత ఏమిటంటే ఈ ఖాళీ ఫోల్డర్‌లో సుజన అక్క ఏది దాచినా దాచనిస్తోంది. ఈ స్టూడియోలో ఇప్పుడు సంతోషంగా ఉన్నది ఆమె ఒక్కతే.

ఏం చేయాలో వెంటనే రాయండి. దీపావళి ఇరవయ్యో తారీఖు.

శ్రీహిత

* * *

నల్లమల అంచున,
8 అక్టోబర్ 2025

శ్రీహితా,

పెళ్లిళ్లు పోలేదు. ముందు నీళ్లు తాగు. నాకు ఇక్కడ దొరికేది అదొక్కటే కాబట్టి నీకూ అదే చెబుతున్నాను.

నన్ను తొలుస్తున్నది వేరే సంగతి. కరెంటు పోతే యూపీఎస్ ఉంది. యూపీఎస్ ఉండగా సర్వర్ ఎందుకు ఆగింది? బ్యాటరీ చచ్చి ఉండాలి. ముందు కొత్త బ్యాటరీ తెప్పించు, అది పెట్టందే ఇంకేమీ ముట్టుకోవద్దు. ఇంకా ఒక అనుమానం. అచ్యుత్‌కు ఆ సర్వర్ అంటే మొదటినుంచీ గిట్టదు. వాడే ప్లగ్గు పీకి కరెంటు మీద పెట్టి ఉంటే నాకు దాచకుండా రాయి. ఎవరి చెయ్యి దాని మీద పడిందో ఆ మనిషి మళ్లీ నా డార్క్‌రూంలో అడుగు పెట్టడానికి వీల్లేదు. ఇది నా మాటగా ఇంట్లో అందరికీ చదివి వినిపించు.

ఆకలి మీద కోపం ఎక్కువ వస్తుందని డాక్టరు అన్నాడు. నిజమే. అయినా ఆ మాట మాత్రం ఉంచు.

విఠల్‌రావు

తా.క. నీకు ఫోనులో కటువుగా చెప్పినందుకు ఈశ్వరయ్య నొచ్చుకున్నాడు. ఆ రాజమణి ఆల్బం ఏమైందని పొద్దున నన్ను అడిగాడు.

* * *

అఫ్జల్‌గంజ్,
11 అక్టోబర్ 2025

పెద్దనాన్నగారికి,

మీ మాట నేను చదివి వినిపించనక్కర లేకపోయింది. మీ ఉత్తరాలు పోస్టుమాన్ ఇంట్లో ఇస్తాడు, స్టూడియోలో కాదు. నాకంటే ముందు పెద్దమ్మ చదువుతుంది.

కరెంటు పోలేదు. అచ్యుత్ అన్న ప్లగ్గు పీకలేదు. పెద్దమ్మే ఆపింది. దసరా పొద్దున నేను రాకముందే తాళంచెవి తీసుకుని వచ్చి, బటన్ నొక్కి ఆపి, తడిబట్టతో తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసింది. దండ సరిగ్గా ఫ్యాను మీద పడింది. నేను వచ్చేసరికి దాని ముందు కొబ్బరికాయ కొడుతోంది. నన్ను చూసి “పాపం, ఏండ్ల సంది నిద్ర లేకుండ పని చేస్తుంది. పండుగ పూటన్న పండనియ్యి” అంది. దానికి మొక్కేటప్పుడు మీ ఆరోగ్యం గురించి కూడా మొక్కిందట.

ఆమె ఊరికే ఆపలేదు, ప్రేమతో ఆపింది. మీరు రాసిన మాట చదివినప్పటినుంచి సరిగ్గా అన్నం తినడం లేదు. నిన్న నాకు చాయ్ తెచ్చి ఇవ్వడానికి వచ్చి డార్క్‌రూం గడప బయటే నిలబడి చెయ్యి చాచింది. లోపలికి రా పెద్దమ్మా అంటే, “మీ పెద్దనాయిన వద్దన్నడు” అంది. నాకు మీ మీద చాలా కోపం వచ్చింది.

బ్యాటరీ కొత్తది తెచ్చాం. పాతది బాగానే ఉందట. ఇప్పుడు రెండున్నాయి.

సుజన అక్క తన దగ్గరున్న సగం ఫోటోలతో పేజీలన్నీ చేసింది. అచ్యుత్ అన్న కంప్యూటర్ నుంచి అచ్చు వేయాలి కాబట్టి వాటిని ఆ ఖాళీ ఫోల్డర్‌లోనే దాచింది. తాళి పేజీలకు చోటు వదిలింది. మల్లన్నగారు నిన్న ఆ ఖాళీ చోటు చూసి, “ఇండ్ల నా బిడ్డ పెండ్లి ఏది?” అన్నారు. అచ్యుత్ అన్న అప్పుడే నా కోసం కొత్త దువ్వెన కొని తెచ్చి బల్ల మీద పెట్టాడు.

బ్యాటరీ సంగతులు చాలు. ఆ సర్వర్‌లో ఏం చేయాలో చెప్పండి.

శ్రీహిత

* * *

నల్లమల అంచున,
14 అక్టోబర్ 2025

శ్రీహితకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఈశ్వరయ్య నాకంటే ముందు చదివి, నాకు ఇస్తూ, “తప్పు మాట రాసిండ్రు సార్ మీరు” అన్నాడు. నాకు తెలుసు. మీ పెద్దమ్మతో అన్నం తినమను. డార్క్‌రూం ఆమెది కూడా.

ఇక పని. ఫోల్డర్‌ను మంచం అనుకో. ఫోటోలున్న పెద్ద డిస్కు పరుపు. సర్వర్ లేవగానే ఆ పరుపును మంచం మీద పరవాలి. ఇప్పుడు మీకు కనబడుతున్నది ఉత్త మంచం. పరుపు పక్కనే చుట్టి ఉంది, దానికేమీ కాలేదు. దీంతో పాటు ఒక కాగితం పెడుతున్నాను. పై వరస పరుపు పరిచే ఆజ్ఞ, కింది వరస ఎత్తే ఆజ్ఞ. ఉన్నది ఉన్నట్టు కొట్టు.

కానీ ఆ ఆజ్ఞ యజమాని ఇస్తేనే సర్వర్ వింటుంది. యూనిక్స్‌లో యజమాని పేరు రూట్. ఆ పాస్‌వర్డు నాకొక్కడికే తెలుసు. ఎంత ఆలోచించినా ఉత్తరంలో రాయడానికి నా చెయ్యి రావడం లేదు. కంప్యూటర్ల ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇతరులకు వద్దని చెప్పిన పని అది. అందుకని ఇలా చెబుతాను. మీ పెద్దమ్మ నాతో మొట్టమొదట అన్న మాట ఏమిటో ఆమెనే అడుగు. ఫోనులో మనం తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినట్టే, మధ్యలో చోటు వదలకుండా కొట్టు.

ఇక్కడ నా బరువు తగ్గింది. తగ్గింది నేనో నా పొట్టో ఇంకా తేలలేదు.

విఠల్‌రావు

* * *

అఫ్జల్‌గంజ్,
18 అక్టోబర్ 2025, మధ్యాహ్నం

పెద్దనాన్నా,

మీ ఇద్దరి మొదటి మాట కోసం నిన్న ఇల్లంతా అల్లకల్లోలం అయింది.

అడగగానే పెద్దమ్మ ముఖం ఎర్రబడింది. “గవన్నీ పొల్లలతోని చెప్తరా” అని వంటింట్లోకి వెళ్లిపోయింది. మల్లన్నగారి అమ్మాయి పరువు నీ చేతిలో ఉందని బతిమాలితే నాతో డార్క్‌రూం గడప దాకా వచ్చి, పెళ్లిచూపుల్లో “చాయ్‌ల చక్కెర సరిపోయిందా” అన్నానంది. కొట్టాను. తెరుచుకోలేదు. కాదు, అది మీ అమ్మగారితో అన్నది, మీతో “ఫ్యాన్ ఎయ్యాల్నా” అన్నానంది. అదీ కాదు. పెళ్లి పీటల మీద “జర జరుగుండ్రి, పొగ వస్తుంది” అన్నానంది. అదీ కాదు. సుజన అక్క తలుపు బయట నుంచి, “అసలు మాట్లాడుకున్నరా మీరు?” అని అడిగింది.

చివరికి పెద్దమ్మ గడప దాటి లోపలికి వచ్చి మీ స్టూలు మీద కూర్చుంది. సర్వర్ లైటు చూస్తూ నెమ్మదిగా చెప్పింది.

“పెండ్లిచూపుల కంటె ముందు ఒకపారి వచ్చిన ఈడికి. సంబంధాలకు పంపనీకి ఫోటో కావాల్నని మా నాయిన కిషన్‌బాగ్ కెళ్లి తోల్కొచ్చిండు. మీ పెద్దనాయిన కెమెరా ఎనుక ఉండె. లైటు భగ్గుమన్నది, నేను కండ్లు మూసిన. ‘కండ్లు మూసిన, మల్ల తియ్యుండ్రి’ అన్న. గప్పుడు ఆయన పేరు గూడ నాకు ఎర్కలేదు. అది లెక్కలకు వస్తదా?”

నేను కొట్టాను. తెరుచుకుంది.

పెద్దమ్మ తెర వంక చూసి, “రోజూ గిదే కొడ్తడా?” అని అడిగింది. రోజూ పొద్దున ఇదే కొడతాడని చెప్పాను. ఇంటికి పోయి తనే అన్నం పెట్టుకుని తిన్నది. ఆమెకు ఆనందంగా ఉంది పెద్దనాన్నా, నాకూ ఉంది.

తర్వాత మీ పై వరస కొట్టాను. పెళ్లిళ్లన్నీ తిరిగొచ్చాయి. తాళి, తలంబ్రాలు, అప్పగింతలు, అన్నీ. సుజన అక్కా నేనూ ఎగిరాం. అంతలో అచ్యుత్ అన్న, సుజన చేసిన కొత్త పేజీలేవి అన్నాడు. లేవు. అన్ని రోజుల పని, ఒక్క పేజీ లేదు. సుజన అక్క కుర్చీలో కూలబడి ఏడ్చింది. అచ్యుత్ అన్న దువ్వెన తీసి నా ముందు పెట్టాడు, ఈసారి నవ్వలేదు. దీపావళి ఎల్లుండి. మీ జవాబు అప్పటికి రాదు. ఎందుకు రాస్తున్నానో కూడా తెలియకుండా రాస్తున్నాను.

అదే రోజు, సాయంత్రం

మంచం అన్నారు, పరుపు అన్నారు. పై మాటలు రాసి, మీ పాత ఉత్తరం మళ్లీ తీసి చదువుతుంటే తట్టింది. సుజన అక్క పేజీలు దాచింది ఉత్త మంచం మీద. నేను వాటి మీదనే పరుపు పరిచేశాను. అవి ఎక్కడికి పోతాయి, పరుపు కిందే ఉంటాయి.

ఎత్తే ఆజ్ఞ కొట్టాను. ఎవరో వాడుతున్నారు, ఎత్తను అంది. అందరినీ కంప్యూటర్ల ముందునుంచి లేపాను. మళ్లీ అదే మాట. చూస్తే, రాజమణి తాళి ఫోటోలు దొరికాయన్న సంతోషంలో మల్లన్నగారు నా బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కటే చూసుకుంటున్నారు. “పరుపు మీదికెళ్లి లెవ్వుండ్రి కాకా” అన్నాను. ఆయన భయపడి నిలబడి కుర్చీ దులిపారు. అప్పుడు ఎత్తింది. పేజీలన్నీ అక్కడే ఉన్నాయి. వాటిని సుజన అక్క కంప్యూటర్‌లోకి మార్చి, మళ్లీ పరుపు పరిచి, పేజీలను దాని మీద పెట్టాను. ఇప్పుడు తాళీ ఉంది, పేజీలూ ఉన్నాయి.

అచ్చు నడుస్తోంది. అచ్యుత్ అన్న పక్కనే కూర్చుని కాగితం అందిస్తున్నాడు.

శ్రీహిత

* * *

నల్లమల అంచున,
19 అక్టోబర్ 2025

శ్రీహితా, అత్యవసరం.

మట్టిపట్టీల కింద పడుకుని ఉండగా నీ పాత ఉత్తరంలోని ఒక వాక్యం గుర్తొచ్చింది. సుజన ఆ ఖాళీ ఫోల్డర్‌లో దాస్తోందని రాశావు. అలాగయితే పరుపు పరవకు. ముందు ఆ పేజీలు బయటికి తియ్యి. మట్టితోనే లేచి వచ్చి రాస్తున్నాను, మరకలకు ఏమీ అనుకోకు. స్పీడు పోస్టు చేయమని ఈశ్వరయ్యను పంపుతున్నాను. అతను అప్పుడే సైకిలు తీసి గుమ్మం ముందు నిలబడ్డాడు, నాకంటే అతనికే కంగారుగా ఉంది.

విఠల్‌రావు

* * *

అఫ్జల్‌గంజ్,
24 అక్టోబర్ 2025

పెద్దనాన్నగారికి,

మట్టి ఉత్తరం అందింది. పెద్దమ్మ దాన్ని జాగ్రత్తగా దులిపి ఇచ్చింది. నా ఉత్తరం ఈపాటికి మీకు చేరి ఉంటుంది కాబట్టి స్నానం చేసి ఉంటారు.

ఆల్బం దీపావళి పొద్దున కిషన్‌బాగ్ చేరింది. వియ్యపురాలు అన్ని పేజీలూ తిప్పి, తన ముఖం బాగా పడిందని చెప్పిందట. మల్లన్నగారు స్వీటు డబ్బా తెచ్చి, మళ్లీ ఆ కుర్చీలో కూర్చునే ముందు కూర్చోవచ్చా అని నన్ను అడిగారు. దువ్వెన ఇప్పుడు అచ్యుత్ అన్న దగ్గర ఉంది. నిన్న పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినాయనకు తనే అందించాడు.

మీకు ఒక మాట చెప్పాలి. పెద్దమ్మ సర్వర్‌ను చెడగొట్టలేదు. ఆపి, మళ్లీ వేసింది, అంతే. లేచాక పరుపు పరుచుకోమని మీరే దానికి ఎక్కడా రాసిపెట్టలేదు. ఎన్నడూ పడుకోనిదానికి లేవడం ఎందుకు నేర్పాలి అనుకున్నారేమో. లేచేటప్పుడు అది చదువుకునే ఫైలు వెతికి ఒక వరస రాశాను. తర్వాత పెద్దమ్మను లోపలికి పిలిచి ఆమె చేతనే ఆపించి, ఆమె చేతనే వేయించాను. కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటూ నొక్కింది. పెళ్లిళ్లన్నీ వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి. వచ్చే దసరాకు ఆమెకు అడ్డు చెప్పేది లేదు. దండ మాత్రం పక్కన పెడతానంది.

సుజన అక్కకు ఆమె పేజీల ఫోల్డర్‌లో రాసే అనుమతి ఇచ్చాను. ఇంకొకరి పెళ్లి తీసేసే అనుమతి లేదు.

చివరి సంగతి. మీ పాస్‌వర్డు ఇప్పుడు నాకు, పెద్దమ్మకు, తలుపు బయట చెవి పెట్టిన సుజన అక్కకు, మీ ఈశ్వరయ్యగారికి తెలుసు. అందుకని మార్చేశాం. కొత్తది పెద్దమ్మ పెట్టింది. మీరు ఆమెతో మొట్టమొదట అన్న మాట.

శ్రీహిత

* * *

నల్లమల అంచున,
28 అక్టోబర్ 2025

శ్రీహితా,

ఆ ఫైలు సంగతి నాకు తెలియదనుకున్నావా? తెలుసు. రేపు రాద్దామనుకున్నాను. ఆ రేపు అలా జరిగిపోయింది. నువ్వు రాసిన వరస సరిగ్గా ఉందని ఇక్కడినుంచే చెప్పగలను, లేకపోతే అది లేచేది కాదు. బాగా చేశావు తల్లీ. ఈ మాట అచ్యుత్ ముందు చదువు.

పాస్‌వర్డుకు జవాబులు రాస్తున్నాను. ‘కొంచెం నవ్వండి.’ అది కాకపోతే ‘గడ్డం కొంచెం పైకి.’ అదీ కాకపోతే ‘పౌడరు, అద్దం అక్కడున్నాయి.’ ఫోటోగ్రాఫర్ ఎవరైనా ఇంతకంటే ఏమంటాడు? మూడోది ఈశ్వరయ్య ఊహ.

నాకు ఇంకో పదిహేను రోజులు పొడిగించారు. దిండు గలీబులో మామిడికాయ పచ్చడి దొరికింది. ఎవరిదో తెలియదని చెప్పాను. నమ్మలేదు.

విఠల్‌రావు

* * *

అఫ్జల్‌గంజ్,
1 నవంబర్ 2025

పెద్దనాన్నగారికి,

మూడూ తప్పు. “అవన్నీ నాకు చెప్పుమని మా నాయినతోని అన్నడు, నాతోని కాదు” అంది పెద్దమ్మ. ఆమె అన్న మాట అన్నేళ్లు గుర్తు పెట్టుకుని మీరన్నది మరిచిపోవడమేమిటో నాకు అర్థం కాలేదు. ఆమె మళ్లీ తీయమన్నందుకు మీరు ఏం జవాబిచ్చారో గుర్తు చేసుకోమంది. ఇంతకంటే చెప్పదట.

అప్పటిదాకా సర్వర్‌లో మీకు చూసే అనుమతి ఇచ్చాం. రాయడానికి లేదు.

శ్రీహిత

* * *

నల్లమల అంచున,
5 నవంబర్ 2025

శ్రీహితా,

గుర్తొచ్చింది. పొద్దున రసం గ్లాసు పట్టుకుని ఉండగా గుర్తొచ్చి గ్లాసు కింద పెట్టేశాను.

“ఫిల్ము అయిపోయింది, రేపు రండి” అన్నాను. అదేనా?

నీకొక్కదానికే చెబుతున్నాను, మనసులో పెట్టుకో. ఫిల్ము అయిపోలేదు. కొత్త డబ్బా అప్పుడే తెరిచాం. ఆ అమ్మాయి ఇంకోసారి రావాలని నోటికొచ్చింది అనేశాను. వాళ్ల నాన్న కిషన్‌బాగ్ నుంచి మళ్లీ రిక్షా కట్టించుకుని రావాల్సి వచ్చింది. ఇన్నేళ్లలో మీ పెద్దమ్మకు ఈ సంగతి తెలియదు. ఇప్పుడు తెలిసి ప్రయోజనమూ లేదు.

విఠల్‌రావు

* * *

అఫ్జల్‌గంజ్,
8 నవంబర్ 2025

పెద్దనాన్నా,

అదే. తెరుచుకుంది. కానీ పాస్‌వర్డు ఉత్తరంలో రాయకూడదని చెప్పిన మనిషే రాసేశారు కాబట్టి మళ్లీ మార్చాల్సి వచ్చింది. కొత్తది వచ్చాక పెద్దమ్మను అడగండి. రాసే అనుమతి కూడా ఆమే ఇస్తుందట.

మీ ఉత్తరాలు ఇంట్లో ఎవరు ముందు చదువుతారో మీరు మళ్లీ మరిచిపోయారు. నేను వెళ్లేసరికి పెద్దమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. చదివావా అని అడిగాను. తలూపింది.

“ఫిల్ము డబ్బ బల్ల మీదనే ఉండె. నిండుగ ఉండె. నాకు గా దినమే కనవడ్డది” అంది.

మరి మర్నాడు ఎందుకొచ్చావు అని అడిగాను.

“గందుకే వచ్చిన” అంది.

శ్రీహిత